ఏలీషా గారి సీసపు గుండు

మొన్న నేనెక్కిన ఆటో బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మొదట్లోనే ఒక ట్రెయిలరు వెనక చిక్కుపడిపోయింది. ఏదో ఫ్యాక్టరీకి పోయే భారీ యంత్రం, టార్పాలిన్ కప్పి గొలుసులతో బిగించి ఉంది. ఎత్తు మొదలవగానే లారీ వేగం తగ్గింది. తగ్గినకొద్దీ డ్రైవరు ఆక్సిలేటరు తొక్కుతున్నాడు, తొక్కినకొద్దీ నల్లటి పొగ గుప్పుగుప్పున వచ్చి మా మీద పడుతోంది. ఆటో కుర్రవాడు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ పొగలోంచి ఇంకో వాసన తగిలింది. డీజిలు వాసనకు అడుగున, బాగా కాగిన ఇనుము వాసన. దాన్ని చాలా ఏళ్ళ తరవాత పీల్చాను. "ముందే కింది గేరులో వేసుకోవలసింది. ఇప్పుడు ఎంత తొక్కినా వేడి పెరుగుతుందే గాని బండి లాగదు," అన్నాను నాలో నేను అనుకుంటున్నట్టుగా. కుర్రవాడు వెనక్కి తిరిగి, "లారీ నడిపేవారా సార్?" అన్నాడు. "లేదు. నడిపే ఆయన పక్కన కూర్చునేవాణ్ణి," అన్నాను. ఆ ఆయన గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాయవద్దని ఆయనే అన్నారు. ఎందుకన్నారో ఈ కథ చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

డెబ్బైల మధ్యలో నేను ఒక దినపత్రికలో చేరి బెజవాడ వచ్చాను. పటమటలో ఒక ఇంటి పక్క వాటా అద్దెకు తీసుకున్నాను. బెంజ్ సర్కిల్ అప్పుడు ఊరి చివర. అక్కడ నిలబడితే ఒక వైపు లారీలు, ఇంకో వైపు పొలాలు కనిపించేవి. ఇంటి యజమాని ఏలీషా గారు. సొంతంగా ఒక లారీ, దాని వెనక తగిలించే ట్రెయిలరు ఉండేవి. బరువులు లాగడం ఆయన వృత్తి. రైసు మిల్లుల ఇంజన్లు, చెరకు ఫ్యాక్టరీ రోలర్లు, వంతెనలకు వేసే ఇనుప దూలాలు, ఇతరులు ఒప్పుకోని బరువేదైనా ఆయన దగ్గరికి వచ్చేది. అలాగని లారీ డ్రైవరు అనగానే మనసులో మెదిలే మనిషి కాదు. ఇస్త్రీ మడత చెడని తెల్ల చొక్కా, దువ్విన మీసం, ఆదివారం చర్చిలో అందరి గొంతులకూ కింద వినిపించే బరువైన గొంతు. తన పని మీద తనకు గర్వం, అది దాచుకునేవారు కాదు. కోపం కూడా అంతే. ఆయన సీట్లో ఇంకొకరు కూర్చుంటే ఆ పూట మాట్లాడేవారు కాదు.

మా పరిచయం తగాదాతో మొదలయింది. నాకు రాత్రి డ్యూటీలు, తెల్లవారుజామున వచ్చి పడుకునేవాణ్ణి. కన్ను అంటుకునేసరికి కిటికీ కింద లారీ వచ్చి ఆగేది. ఆగేది గాని ఇంజను ఆగేది కాదు. గడగడమంటూ కిటికీ రెక్కలు వణికేవి. కొన్నాళ్ళు ఓర్చుకుని ఒకరోజు బయటికి వెళ్ళాను. ఆయన లారీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇల్లు చేరారు గదండీ, ఇంక ఆపేయొచ్చుగా?" అన్నాను.

"ఆపుతానండీ. కాస్త ఆగి."

"ఎందుకండీ ఆగడం?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "మీరు ఎండలో బస్తా మోసుకుని పరిగెత్తుకొచ్చారనుకోండి. వచ్చీరాగానే ఎవరన్నా మిమ్మల్ని కదలకుండా కట్టేసి పడుకోబెడితే ఎట్టా ఉంటది? గుండె ఆగిపోదూ? దీని లోపల మంట అట్టాగే ఉంది. ఉట్టినే తిరుగుతూ ఉంటే నీళ్ళూ ఆయిలూ తిరిగి వేడంతా సమంగా దిగుద్ది. టక్కున ఆపితే ఒకచోట చల్లారి ఇంకోచోట కాలుతూ ఉంటది. అప్పుడు హెడ్డు పగులుద్ది."

అరుగు మీంచి ఆయన భార్య సుగుణమ్మ గారు అందుకున్నారు. "మీరు పోయి పడుకోండి బాబూ. నా పెళ్ళయిన కాడ్నించీ ఇదే వరస. ఇంటికొస్తే ముందు దాని ఊపిరి తిరగాలి, తరవాతే నాతో మాట."

"నీ ఊపిరికేం, అది ఎప్పుడూ ఆగదుగా," అన్నారాయన. ఆమె నవ్వుతూనే కాఫీ గ్లాసు నాకూ ఒకటి తెచ్చి ఇచ్చారు. ఆ తరవాత ఆ చప్పుడు మధ్యనే నిద్రపోవడం అలవాటు చేసుకున్నాను. కొన్నాళ్ళకు ఆ చప్పుడు లేని ఉదయాల్లో నిద్ర పట్టేది కాదు.

ఆ గుండు నేను మొదట చూసింది కూడా ఆ అరుగు ముందే. బానెట్టు ఎత్తి, ఇంజనులోంచి పొగ బయటికి పోయే గొట్టం దగ్గర ఆయన ఏదో తీక్షణంగా చూస్తున్నారు. గొట్టానికి ఇనుప తీగతో ఒక చిన్న సీసపు గుండు కట్టి ఉంది. చేపల వల అడుగు అంచుకు బరువు కోసం కడతారే, అది.

"ఏమిటండీ ఇది, దిష్టికా?" అన్నాను.

"చర్చికెళ్ళే వాణ్ణండీ, నాకు దిష్టేంటి? ఇది సాక్షి. సీసం తొందరగా కరుగుద్ది గదా. గొట్టం ఉండాల్సిన వేడి మీద ఉన్నంతకాలం గుండు గుండులాగే ఉంటది. బండిని ఏడిపించి లాగామనుకోండి, కరిగి కారిపోద్ది. మన బళ్ళకి ఆ వేడి చూపించే మీటరు లేదు. నేను దిగి, అబ్బే బ్రహ్మాండంగా నడిపానని చెప్పొచ్చు. ఇది చెప్పదు."

ఆ సీసపు గుళ్ళు సుగుణమ్మ గారి అన్నగారివి. సముద్రం దగ్గరి ఒక పల్లెలో ఆయన వల వేసేవాడు. చెల్లెల్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఎండుచేపలతో పాటు ఒక చిన్న సంచీలో పాత వలల గుళ్ళు తెచ్చి బావగారికి ఇచ్చేవాడట. గొట్టం మీద ఏ చోట కడితే సరిగ్గా చెబుతుందో తెలియడానికి ఏలీషా గారికి చాలాకాలం పట్టింది. ఇంజనుకు మరీ దగ్గరగా కడితే ఊరికే కరిగిపోయేది, మరీ దూరంగా కడితే ఇంజను మాడిపోతున్నా చెక్కుచెదరకుండా ఉండేది. చివరికి ఒక చోటు దొరికింది. అక్కడ గొట్టం మీద ఉలితో చిన్న గాటు పెట్టుకున్నారు. నేను ఆయన్ని ఎరిగిన కాలంలో ఆ గాటు దగ్గర గుండు ఎన్నడూ కరగలేదు. దాని మీద మసి పట్టేది, దుమ్ము పట్టేది, రూపం మాత్రం మారేది కాదు. అది ఆయనకు ఎంత గర్వమో, తెలిసిన వాళ్ళు ఎవరు వచ్చినా బానెట్టు ఎత్తి చూపించేవారు.

సెలవు దొరికినప్పుడో, ఆయన వెళ్ళే వైపు వార్త ఉన్నప్పుడో నేను ఆ లారీ ఎక్కేవాణ్ణి. పక్కన కూర్చుని ఆయన పని చూడ్డం నాకు ఇష్టంగా ఉండేది. డెల్టా అంతా బల్లపరుపు నేలేనని మనం అనుకుంటాం. బరువు లాగే వాడికి అలా కాదు. ప్రతి కాలవ మీదా ఒక వంతెన, ప్రతి వంతెనకూ అటూ ఇటూ ఒక నిటారు ఎత్తు. ఎత్తు మీదికి వచ్చాక గేరు మార్చేవాళ్ళను చాలామందిని చూశాను. ఏలీషా గారు వంతెన ఇంకా దూరంగా ఉండగానే కింది గేరులోకి దిగి, ఆక్సిలేటరు మీంచి కాలు సగానికి పైగా తీసేసి, ఇంజనుకు తేలిగ్గా తిరిగే వీలిచ్చి ఎక్కేవారు. బండి నెమ్మదిగా, ఒకే స్వరంతో పైకి వెళ్ళేది. పొగ ఉండీ లేనట్టుగా ఉండేది. "ఎక్కేటప్పుడు ఆలోచిస్తే ఆలస్యమైనట్టేనండీ," అనేవారు. నేను పనిచేసే చోట అంతా ఆఖరి నిమిషపు పరుగే. హెడ్డింగులు పరిగెత్తుతూ పెట్టేవాళ్ళం. ఈయన పక్కన కూర్చుంటే ఇంకో రకంగా కూడా పని చెయ్యవచ్చునని అనిపించేది.

ఆయన మేనల్లుడు ప్రసాదు కూడా ట్రెయిలరు లాగేవాడు. ముప్పై దాటినవాడు, పెళ్ళయినవాడు, మంచి చెయ్యి. కాని ఆ రోజుల్లో లారీ వాళ్ళలో ఒక నమ్మకం ఉండేది, పొగ ఎంత నల్లగా వస్తే బండి అంత బలంగా లాగుతున్నట్టని. డీజిలు పంపుకు, ఇంజనులోకి ఇంత డీజిలే పోయేటట్టు ఒక స్క్రూ బిగించి, దాన్ని ఎవరూ కదపకుండా తీగ వేసి సీలు చేసి ఉంటుంది. కొందరు ఆ సీలు తెంపించి స్క్రూ తిప్పించుకునేవాళ్ళు. డీజిలు ఎక్కువ పోతుంది, బండి ఎగిరి లాగుతుంది. నలుగురిలో అదొక మగతనం.

ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో టీ హోటలు ముందు ఆగాం. ప్రసాదు మాకన్నా చాలా ముందే వచ్చి, నలుగురు డ్రైవర్ల మధ్య కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"రా మావయ్యా! లారీ మీద వచ్చావా, ఎడ్లబండి మీద వచ్చావా? రెండు టీలు అయిపోయినాయి నాకు," అన్నాడు.

"నీ పొగ చూసి దారిలో జనం బిందెలు పట్టుకుని పరిగెత్తుతున్నార్రా, ఎవరి కొంపో అంటుకుందని," అన్నారు ఏలీషా గారు కూర్చుంటూ. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "స్క్రూ తిప్పించావా?"

"రవ్వంత."

"రవ్వంత తిప్పితే ఆ పొగ రాదు."

"లాగుతోంది గదా మావయ్యా! ఎత్తు వస్తే ఏనుగులా పోతోంది."

"పొయ్యిలో పట్టనన్ని కట్టెలు తోస్తే కూడు తొందరగా ఉడకదురా, గిన్నె మాడుద్ది. కాలని డీజిలంతా గొట్టంలోకి పోయి అక్కడ మండుద్ది. వాల్వులు మాడిపోతాయి. ఎప్పుడో ఒకరోజు, నీకు బండి బాగా కావాల్సిన రోజే, అది కూర్చుంటది." జేబులోంచి ఒక గుండు తీసి బల్ల మీద పెట్టారు. "కట్టుకో."

"నాకు వలలూ వద్దు, చేపలూ వద్దు," అని ప్రసాదు దాన్ని వేలితో మీటి వెనక్కి దొర్లించాడు. డ్రైవర్లు మళ్ళీ నవ్వారు. ఏలీషా గారు గుండు జేబులో వేసుకుని, టీ తాగకుండానే లేచారు.

ఆ తరవాత తుఫాను వచ్చింది. డెల్టా వాళ్ళకు ఏ తుఫానో చెప్పనక్కరలేదు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి వెనక్కి పోయింది. మా ఆఫీసులో మొదటి రెండు రోజులూ సమాచారమే లేదు, తీగలన్నీ తెగిపోయాయి. వచ్చిన సమాచారం అచ్చు వెయ్యడానికి చేతులు ఆడలేదు. సుగుణమ్మ గారి అన్నగారు, ఆయన పల్లె మొత్తం పోయారని ఒక మనిషి వచ్చి చెప్పాడు. ఆమె ఏడవలేదు. గుళ్ళ సంచీ తీసి ఒడిలో పెట్టుకుని ఆ పూటంతా కూర్చున్నారు. ఆ తీరంలో మిగిలిన ఊళ్ళ బావులు ఉప్పెక్కిపోయాయి. కాలవల్లో శవాలు, గొడ్లు. బియ్యం పంపేవాళ్ళు పంపుతున్నారు, వండుకోవడానికి, తాగడానికి నీళ్ళు లేవు. పటమటలోని చర్చి వాళ్ళు, వ్యాపారులు కలిసి చక్రాల మీద నడిచే రెండు పెద్ద ఇనుప ట్యాంకులు సంపాదించారు. ఒకటి ఏలీషా గారి లారీకి, ఒకటి ప్రసాదు లారీకి తగిలించారు. పేపరు తరఫున నేను ఏలీషా గారి పక్కన ఎక్కాను.

బయలుదేరే ముందు సుగుణమ్మ గారు సంచీలోంచి ఒక కొత్త గుండు తీసి భర్త చేతిలో పెట్టారు. ఆయన దాన్ని గాటు దగ్గర కట్టారు. "ఇంజను సంగతి మీకు తెలుసు, నేను చెప్పేది లేదు. నీళ్ళు మాత్రం చుక్క ఒలకనియ్యకండి. అక్కడ చుట్టూ నీళ్ళేనంట. తాగేవి మాత్రం లేవంట," అన్నారు. ఆయన తల ఊపారు.

ఉయ్యూరు దాకా మామూలు రోడ్డే. పామర్రు దాటాక కూలిన తాడిచెట్లు, పడిపోయిన స్తంభాలు. చల్లపల్లి దాటేసరికి వాసన మొదలయింది. నేను రుమాలు కట్టుకున్నాను. ఏలీషా గారు కట్టుకోలేదు, ఆయనకు ఇంజను వాసన తెలుస్తూ ఉండాలి. రోడ్డు మీద బురద మేట వేసింది. గాలి వెనకనుంచి వీస్తోంది. ఎదురుగాలైతే ఇంజనుకు కాస్త చల్లదనం తగులుతుంది, వెనక గాలి బండితో పాటే వస్తూ వేడిని అక్కడే నిలబెడుతుంది. ఆయన ఒక ఊరు దాటగానే ఆపడం, ఇంజను ఉట్టినే తిరగనివ్వడం, బానెట్టు ఎత్తి గుండు చూడడం, మళ్ళీ కదలడం. ప్రసాదు ఎప్పుడో పొగ వదులుతూ ముందుకు వెళ్ళిపోయాడు.

"మనం ఆగకుండా పోతే మంచిదేమోనండీ. అవతల దాహంతో ఉన్నారు," అన్నాను.

"ఉన్నారనే ఆగుతున్నా," అన్నారు.

తరవాతి ఊరు దాటాక ప్రసాదు లారీ కనిపించింది. రోడ్డు పక్కకు ఒరిగి, బానెట్టు తెరిచి ఉంది. ప్రసాదు మెట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు గాని మొహం ఎత్తలేదు.

"టపటపమంటోంది మావయ్యా. ట్యాంకు విప్పేసినా బండి కదలట్లేదు. వాల్వులు పోయినట్టున్నాయి."

ఇప్పుడు పడతాయి తిట్లు అనుకున్నాను. ప్రసాదు కూడా అదే అనుకుని నిలబడ్డాడు. ఏలీషా గారు లారీ వైపు చూడనే లేదు. వెనక్కి నడిచి ట్యాంకు మీద చెయ్యి వేసి, చుట్టూ తిరిగి చూసి వచ్చారు.

"నీళ్ళు కారలేదుగా?"

"లేదు."

"అయితే నా దాని వెనక తగిలించు."

"రెండు ట్యాంకులా మావయ్యా? ఈ బురదలో?"

"మరి ఒకటి ఇక్కడ పారేసి పోదామా?"

రోడ్డు బాగుచేస్తున్న మనుషులు నలుగురూ వచ్చి పట్టారు. గట్టి నేల కాబట్టి తోసి తగిలించగలిగారు. లారీ, దాని వెనక ట్యాంకు, దాని వెనక ఇంకో ట్యాంకు. ప్రసాదు మా మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఇక అక్కడినుంచి మేం వెళ్ళిన నడక సైకిలు వాడు నవ్వేటట్టు ఉంది. కొంచెం లాగడం, ఆగడం, చూడడం. ప్రతిసారీ ఆయనతో పాటు ప్రసాదు కూడా దిగి గుండు దగ్గర తల వంచేవాడు. ప్రతిసారీ అది గుండ్రంగానే ఉంది. మేనమామా మేనల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎక్కి కూర్చునేవారు.

పొద్దు వాలుతుండగా చివరి కాలవ వంతెన దగ్గరికి చేరాం. అవతల రెండు మైళ్ళలో మేం చేరవలసిన ఊరు. వంతెన మొదట్లో ఒక మనిషి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊరివాళ్ళు లారీ వస్తోందేమో చూడమని పంపారట. మమ్మల్ని చూడగానే సైకిలు గట్టుకు ఆనించి వచ్చి ట్యాంకును తాకి చూశాడు.

"నిన్న వస్తదన్నారండి, రాలేదండి. ఇయ్యాల కూడా రాకపోతే పిల్లలు కాలవ నీళ్ళు తాగేస్తారండి. అదిలించి అదిలించి ఆపుతున్నామండి," అన్నాడు.

ఏలీషా గారు ఇంజను తిరగనిచ్చి బానెట్టు ఎత్తారు. నేను తొంగి చూశాను. గుండు కింది వైపు మసి చెదిరి తెల్లగా మెరుస్తోంది. సీసం మెత్తబడింది. ఎదురుగా వంతెన, డెల్టాలో నేను చూసిన వాటిల్లో అంతకన్నా నిటారుది లేదు. దాని మొదట్లో మోకాలి లోతు బురద.

"రెండూ కలిపి దీని మీదికి లాగితే ఇంజను ఉండదు మావయ్యా," అన్నాడు ప్రసాదు మెల్లగా.

"ఉండదు."

"ఒకటి ఇక్కడ విప్పితే..."

"ఈ బురదలో విప్పితే కూరుకుపోద్ది. మళ్ళీ తగిలించలేం."

"అయితే చెరిసగం నీళ్ళు వదిలేద్దాం. బరువు దిగుద్ది. సగమన్నా చేరతాయి, బండీ దక్కుద్ది."

అది తెలివైన మాటే. బరువు తగ్గించడమే ఆయన జీవితమంతా చెప్పిన పాఠం కూడా. ఏలీషా గారు సైకిలు మనిషి వైపు తిరిగారు. "ఎంతమంది ఉన్నారయ్యా అక్కడ?"

"ఊళ్ళో మిగిలినోళ్ళమంతా బడిలోనే ఉన్నామండి," అన్నాడతను. మిగిలిన అనే మాట దగ్గర అతని గొంతు తేడా పడలేదు. అప్పటికి అది వాళ్ళకు మామూలు మాట అయిపోయింది.

ఏలీషా గారు బానెట్టు దించి, గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "నీళ్ళు నేల మీద పోసి ఇంజను ఇంటికి తీసుకుపోతే మీ అత్త నన్ను లోపలికి రానిస్తదంట్రా?" అన్నారు. నవ్వుతున్నారనుకున్నాను, కాదు. "ఇన్నేళ్ళూ దీన్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నా. దేనికోసమో అనుకునేవాణ్ణి. చర్చి ముందు పెట్టి మురిసిపోవడానికి కాదు గదా."

"బండి పోతే ఏం చేస్తావు మావయ్యా?"

"నీ దానికి పోయింది వాల్వులే గదా. వేయించుకో. నన్నెక్కించుకో."

ఇంజను వేడి బాగా నెమ్మదించేదాకా ఆగారు. అప్పుడు కూడా తొందరపడలేదు. ప్రసాదునూ నన్నూ చెరో చెక్క దుంగ పట్టుకుని వెనక చక్రాల పక్కన నడవమన్నారు, బండి వెనక్కి జారితే అడ్డం వెయ్యడానికి. మొదటి గేరులో వేసి కదిలించారు. బురదలో చక్రాలు ఒకసారి జారి, పట్టుకున్నాయి. సగం ఎత్తు దాకా ఆయన కాలు తేలిగ్గానే ఉందని చప్పుడును బట్టి తెలుస్తోంది. అక్కడ బండి నిలబడిపోబోయింది. అప్పుడు, నేను ఎరిగినంతలో మొదటిసారి, ఆయన పూర్తిగా తొక్కారు. ఏలీషా గారి లారీలోంచి నల్లటి పొగ రావడం ఎన్నడూ చూడలేదు. ఆ సాయంత్రం చూశాను. ముందు చక్రం సందులోంచి గొట్టం ఎర్రబడడం కనిపించింది. కాగిన ఇనుము వాసన ఆ ఊళ్ళ వాసనను కూడా కప్పేసింది. ప్రసాదు దుంగ మోస్తూ ఏడుస్తున్నాడు, నోరు తెరిచి, చప్పుడు లేకుండా. వంతెన నడినెత్తికి చేరేసరికి ఇంజను లోపల సమ్మెటతో కొట్టినట్టు చప్పుడు మొదలయింది. ఆ చప్పుడుతోనే అవతలికి దిగింది. ఆ చప్పుడుతోనే రెండు మైళ్ళూ పోయింది.

బడి దగ్గర ఎవరూ పరిగెత్తి రాలేదు, అరవలేదు. బిందెలు, డబ్బాలు, ఒక పగిలిన కుండ అడుగు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కుళాయి ప్రసాదు తిప్పాడు. ముందుగా తాగిన ముసలామె రెండో దోసిలి నోట్లోకి పోసుకోకుండా, పక్కనున్న పసివాడి మొహం మీది ఉప్పు మరకలు కడిగింది. నేను కాగితం, కలం తీశాను, మళ్ళీ లోపల పెట్టి ఒక బిందె అందుకున్నాను.

అంతసేపూ ఇంజను తిరుగుతూనే ఉంది. కొట్టుకుంటూ, దగ్గుతూ. "ఆపెయ్యరాదా అండి?" అని ఎవరో అడిగారు. "దాని ఊపిరి కూడా తిరగనియ్యండి," అన్నారు ఏలీషా గారు. చావబోయే ఇంజనుకు ఆ మర్యాద అవసరం లేదని ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఆపవలసిన సమయానికి లోపలికెక్కి, ఆపే నాబ్ లాగారు. అది మళ్ళీ స్టార్టు కాలేదు.

చీకటి పడబోతుండగా బానెట్టు ఎత్తాం. గుండు సగం కరిగి, గాటు దగ్గర వేలాడుతూ, చల్లారి గట్టిపడి ఉంది. ఆయన తీగ విప్పి దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశారు. నేను చెయ్యి చాచాను, ఊరికే చూడ్డానికి. చూసి తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకోండి," అన్నారు. "కట్టడానికి వలా లేదు, ఇంజనూ లేదు."

తరవాత అన్నారు, "మీరు పేపర్లో రాస్తారు గదా. నీళ్ళు చేరాయని రాయండి. ఇంజను సంగతి రాయకండి."

"అదే కదండీ అసలు రాయవలసింది."

"రేపు ఇంకో బండివాడు చదువుతాడండీ. ఆ దారిన పోతే ఇంజను పోద్దని తెలిస్తే రాడు. వాడికీ పిల్లలుంటారు, వాణ్ణి అనడానికి లేదు. వీళ్ళకి రేపు కూడా నీళ్ళు కావాలి."

నేను అలాగే రాశాను. నీళ్ళు చేరాయని, దారి బురదగా ఉన్నా నెమ్మదిగా పోతే పోవచ్చని. ఆ వార్త పడ్డాక ఆ దారిన లారీలు వెళ్ళాయి.

ఆ ఇంజను హెడ్డు పగిలింది, పిస్టన్లు బిగుసుకుపోయాయి. ఆటోనగర్ మేస్త్రి విప్పి చూసి, మళ్ళీ మూసేశాడు. ప్రసాదు వాల్వులు వేయించుకుని, స్క్రూ పాత చోటికి తిప్పించి, పంపుకు తీగ బిగించి సీలు చేయించాడు. తన గొట్టం మీద కూడా ఒక గాటు పెట్టి, సుగుణమ్మ గారిని అడిగి గుండు కట్టుకున్నాడు. ఏలీషా గారు ఆ లారీలో చాలా ఏళ్ళు మేనల్లుడి పక్కన కూర్చుని తిరిగారు. ఎడంపక్క సీట్లో ఆయన్ని చూస్తే నాకు మొదట్లో కష్టంగా ఉండేది. ఆయనకు లేదు. "వీడు ఎత్తు రాకముందే గేరు మారుస్తున్నాడండోయ్," అని అందరికీ చెప్పేవారు, పాత గర్వంతోనే.

ఆయన పోయిన రోజు శవపేటికను ప్రసాదు లారీలోనే తీసుకెళ్ళారు. సమాధుల తోట గేటు ముందు ఆపి, ప్రసాదు ఇంజను ఆపలేదు. పాస్టరుగారు ఒకసారి అటు చూశారు. సుగుణమ్మ గారు తల అడ్డంగా ఊపారు, ఉండనివ్వమని. ప్రార్థన, పాట, మట్టి వెయ్యడం అన్నీ ఆ గడగడ మీదనే జరిగాయి. అందరూ వెనక్కి వచ్చాకే ప్రసాదు నాబ్ లాగాడు.

వార్తల పనిలో నా జీవితమంతా గడిచింది. చేతికి వచ్చినదాన్ని వేడివేడిగా తోసెయ్యకుండా కాసేపు తిరగనివ్వడం నాకు ఆ లారీ నేర్పింది. అందువల్ల కొన్నిసార్లు వెనకబడ్డాను, ఆఫీసులో మాటలు పడ్డాను. ఎన్నడో ఒకసారి, రాయకపోతే కొందరికి అన్యాయం జరిగిపోయే విషయం ఎదురైంది. రాస్తే ఉద్యోగం పోతుందని తెలుసు. అప్పుడు ఆ గుండు కాసేపు చేతిలో పెట్టుకుని, తరవాత రాశాను. ఉద్యోగం పోయింది. ఇంకో చోట దొరికింది.

ఆటో దిగి ఇంటికి వచ్చాక మొన్న దాన్ని మళ్ళీ తీసి చూశాను. నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఉంటుంది. కింది వైపు కన్నీటి బొట్టులా సాగి, గడ్డకట్టి ఉంది. అది ఒక్క సాయంత్రం పని. పై వైపు ఇంకా గుండ్రంగానే, నున్నగానే ఉంది. చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నా బొటనవేలు ముందు ఆ గుండ్రటి వైపే వెతుక్కుంటుంది.